ఫ్లోటింగ్ షెల్ఫులు: ఏ గదికి ఏ చెక్క? కార్పెంటర్ ఒకటంటాడు, మా ఆవిడ ఇంకోటంటుంది

మియాపూర్_మధు
కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం, వుడ్‌వర్క్ అంతా అయిపోయింది కానీ గోడలు బోడిగా ఉన్నాయి. హాల్లో, పిల్లల రూములో, కిచెన్‌లో, పూజ దగ్గర ఈ బ్రాకెట్లు కనపడని ఫ్లోటింగ్ షెల్ఫులు పెట్టిద్దామని అనుకున్నాం. ఇక్కడే గొడవ. కార్పెంటర్ ఏమో ఎమ్మార్ (తేమకి కాస్త ఆగే రకం) ప్లై మీద మైకా వేసి అన్ని గదులకీ ఒకేలా లాగించేద్దాం సార్ అంటున్నాడు, మా ఆవిడ టేకు తప్ప ఇంకేదీ ఇంట్లోకి రానివ్వనంటోంది, మా బావమరిది మూడు షెల్ఫుల సెట్టు ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే వస్తుంటే నీకు పిచ్చా బావా అని రోజుకో లింకు పంపుతున్నాడు. హాల్లో నాకు పుస్తకాలు పెట్టాలి, కాస్త ఎక్కువే ఉన్నాయి. కిచెన్‌లో అమ్మ జాడీలు. చేయించుకున్నవాళ్ళెవరైనా ఏ గదికి ఏ చెక్క, ఎంత మందం, ఎంత వెడల్పు చెప్పండి. ఫొటోలు చూసి చూసి బుర్ర పనిచేయట్లేదు.

సివిల్_సుబ్బు
చెక్క సంగతి తర్వాత. ముందు గోడ ఏంటి? ఎర్ర ఇటుకా, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకా, ఏఏసీ అనే తేలికపాటి గుల్ల సిమెంటు బ్లాకా, మైవాన్ అని అల్యూమినియం అచ్చుల్లో పోసే కాంక్రీటా? చెక్క విరిగి షెల్ఫు పడిపోయిన కేసు నేనింతవరకు చూళ్ళేదు, అన్నీ గోడలోంచి ఊడొచ్చినవే.

మియాపూర్_మధు
అదెలా తెలుస్తుందండీ, పుట్టీ పెయింటూ వేసి తాళాలిచ్చారు. బ్రోచర్‌లో ప్రీమియం వాల్స్ అని ఉంది.

బెజవాడబ్బాయి
ప్రీమియం వాల్స్ అంటే ఏఏసీ. రాసిపెట్టుకో.

సివిల్_సుబ్బు
కనపడని మూల ఎక్కడైనా, సోఫా వెనకో కర్టెన్ వెనకో, 6 ఎంఎం బిట్టుతో చిన్న హోల్ వేసి పొడి చూడండి. ముందు అర అంగుళం ప్లాస్టర్, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడి వచ్చి బిట్టు బాగానే దిగుతుంటే ఫ్లైయాష్. తెల్లగా మెత్తగా వచ్చి బిట్టు వెన్నలో దిగినట్టు దిగిపోతే ఏఏసీ. బిట్టు అరుస్తూ అసలు కదలకపోతే కాంక్రీట్, లేదా మీరు కాలమ్ మీద కొడుతున్నారు.

కరీంనగర్_పోరగాడు
మాది ఏఏసీనే అన్నా. డ్రిల్లు కొట్టెటాయన హ్యామర్ మోడ్ (సుత్తి లెక్క గుద్దుకుంట తిరిగేది) పెట్టి కొట్టిండు, తొర్ర పడ్డది. ప్లగ్గు వెట్టి స్క్రూ తిప్పుతుంటే ప్లగ్గు గూడ దాంతోనే తిరుగుతున్నది. ఆయన అగ్గిపుల్లలు కుక్కి, ఇగ గట్టిగున్నది సార్ అని పైసలు తీస్కోని పోయిండు.

బెజవాడబ్బాయి
అగ్గిపుల్ల లేకపోతే ఈ దేశంలో సగం క్యాలెండర్లు కింద ఉండేవి.

సివిల్_సుబ్బు
ఏఏసీకి హ్యామర్ మోడ్ అసలు వాడకూడదు, ఉత్త రొటేషన్ మీద వెయ్యాలి. మామూలు నైలాన్ ప్లగ్గులు కాదు, ఏఏసీకి వేరే వస్తాయి, పెద్ద పెద్ద మరలతో లావుగా ఉంటాయి, అవి వాడాలి. ఇటుక గోడైతే మామూలు ప్లగ్గు సరిపోతుంది కానీ పొడుగుది తీసుకోండి. షాపువాడిచ్చే 35 ఎంఎం ప్లగ్గులో మూడో వంతు పైగా ప్లాస్టర్‌లోనే ఉండిపోద్ది, ఇటుకలోకి వెళ్ళేది మిగిలిందే.

ఉలి_సుత్తి
సుబ్బుగారు చెప్పింది కరెక్టే గానీ అందరూ గోడ గోడ అంటుంటే చెక్కని చిన్నచూపు చూసినట్టుంది. మాది రాజమండ్రి, మా నాన్న వడ్రంగి, నేను అడితిలో తిరుగుతూ పెరిగినవాణ్ణి కాబట్టి నా మాట వినండి. టేకు అనగానే అంతా ఒకటే టేకు కాదు. నడిమధ్య ఉండే చేవ చెక్కకి చెదలు పట్టవు, దాని చుట్టూ తెల్లగా ఉండే భాగాన్ని చెదలు వదలవు. షాపులో టేకు టేకే సార్ అని రెండూ కలిపి అమ్మేస్తారు. పలకకి రెండో వైపు తిప్పి చూడండి, ఒక అంచు పాలిపోయి ఉంటే ఆ అంచు తీయించేయండి, లేదా రేటు తగ్గించమనండి. ఇంకోటి, కొత్త టేకు పలక కన్నా పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు కోయించుకోండి. ఎన్నో ఏళ్ళు ఎండినవి కాబట్టి ఇంక వంకర తిరగవు. మేకులుంటాయి, సామిల్లు వాడు విసుక్కుంటాడు, ముందే మేకులు పీకించి తీసుకెళ్ళాలి. మా చెల్లి ఇంట్లో హాలు షెల్ఫులన్నీ మా తాతగారింటి దూలాలే.

ప్లైవుడ్_ప్రసాద్
చెప్పడానికి బానే ఉంటుంది. 10 అంగుళాల వెడల్పు టేకు పలక ఒకే ముక్కలో కావాలంటే ఇవాళ రేటెంత? పోనీ కొన్నాడే అనుకుందాం, అది సరిగ్గా ఆరకపోతే వచ్చే వేసవికి అంచులు పైకి లేస్తాయి. ప్లైలో ఆ బాధ లేదు, పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి వంపు తిరగదు. కార్పెంటర్ ప్లై అనడం తప్పు కాదు, ఎమ్మార్ అనడం తప్పు. ఎమ్మార్ అంటే బెడ్‌రూమ్ అలమరకి తప్ప దేనికీ కాదు.

ఉలి_సుత్తి
ఆరని టేకు కొన్నవాడిది తప్పు, టేకుది కాదు. ఇత్తడి కొని బంగారం నల్లబడింది అంటే ఎలా.

మియాపూర్_మధు
ప్రసాద్ గారూ ఎమ్మార్, బీడబ్ల్యూఆర్, 710 ఇవన్నీ షాపులో గడగడా చెప్పేస్తున్నారు. తేడా ఏంటో సింపుల్‌గా చెప్పండి.

ప్లైవుడ్_ప్రసాద్
అంతా జిగురులో ఉంది. ఐఎస్ 303 అనే స్టాండర్డులో రెండు రకాలు, ఎమ్మార్ ఒకటి, బీడబ్ల్యూఆర్ ఒకటి. ఎమ్మార్ ముక్కని 60 డిగ్రీల వేడినీళ్ళలో 3 గంటలు ఉంచి చూస్తారు, పొరలు విడిపోకపోతే పాస్. బీడబ్ల్యూఆర్‌ని మరిగే నీళ్ళలో 8 గంటలు ఉడికిస్తారు. ఐఎస్ 710 అంటే మెరైన్, దాన్ని 72 గంటలు ఉడికిస్తారు. షీటు మీద ఐఎస్‌ఐ మార్కూ, స్టాండర్డు నంబరూ ముద్ర ఉండాలి. ఉత్త 710 అని స్టాంపు గుద్ది అమ్మేవాళ్ళు చాలామంది. అనుమానం ఉంటే చిన్న ముక్క తెచ్చుకుని కుక్కర్‌లో పడేయండి.

ఆవకాయ_అక్క
మా కుక్కర్ జోలికి రావద్దు. మా ఆయన ఇలాంటిదే చదివి ప్లై ముక్క మా పప్పు గిన్నెలో ఉడకబెట్టాడు. జిగురు కంపు పోవడానికి చింతపండు పెట్టి తోమీ తోమీ చేతులు పోయాయి, చివరికి ఆ గిన్నె మొక్కలకి నీళ్ళు పోయడానికి పెట్టాను.

బెజవాడబ్బాయి
ముక్క పాసయ్యిందా అక్కా?

ఆవకాయ_అక్క
ముక్క పాస్, మొగుడు ఫెయిల్.

విశాఖ_తీరం
బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్ళకి ఒక మాట. చెక్క కన్నా ముందు ఇనుము పోతుంది ఇక్కడ. లోపల దాక్కునే బ్రాకెట్లు కదా, తుప్పు పట్టిన సంగతి కంటికి కనపడదు, ఒకరోజు గోడ మీద ఎర్రటి చార కిందికి కారి ఉంటుంది, అప్పుడు తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి, ఉప్పుగాలికి 304 కన్నా 316 రకం నయం. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) అయితే మా వైపు ఆలోచనే వద్దు, వానాకాలంలో గాలికే అంచులు ఉబ్బుతాయి.

కరీంనగర్_పోరగాడు
మా దిక్కు ఎండకు ఏం ఉబ్బదు గని దుమ్ము జూస్తె బుగులైతది. ఈ ఫ్లోటింగ్ షెల్ఫుల్ల మొత్తం ఓపెనే గదా, పొద్దున తుడిస్తె మాపటికి పేరు రాయొచ్చు.

మియాపూర్_మధు
హోల్ వేసి చూశాను. తెల్ల పొడి. బెజవాడబ్బాయి నోట్లో పంచదార పొయ్య. ఒక్క పూజ దగ్గర గోడ మాత్రం బిట్టు దిగలేదు.

సివిల్_సుబ్బు
అది కాలమో షియర్ వాలో (బిల్డింగు బరువు మోసే కాంక్రీట్ గోడ) అయ్యుంటుంది, పట్టు దానికే ఎక్కువ కానీ ఇంట్లో వాడే చిన్న డ్రిల్లుతో కాదు, రోటరీ హ్యామర్ తెప్పించండి. కమ్మీ తగిలితే అక్కడితో ఆపి ఒక అంగుళం పక్కకి జరగండి, మొండిగా కోసుకుంటూ వెళ్ళొద్దు.

ఇప్పుడు అసలు లెక్క, మధుగారూ కాస్త ఓపిగ్గా చదవండి. 10 అంగుళాల వెడల్పు షెల్ఫు మీద 20 కిలోలు సర్దారనుకోండి. ఆ బరువంతా గోడకి 5 అంగుళాల దూరంలో ఉన్నట్టు లెక్క. ఫ్లోటింగ్ షెల్ఫు లోపల దాగే పట్టీని గోడకి బిగించే స్క్రూ, షెల్ఫు కింది అంచుకి మహా అయితే ఒక అంగుళం పైన ఉంటుంది. అంటే 20 ఇంటూ 5, దాన్ని ఆ ఒక అంగుళంతో భాగిస్తే దాదాపు 100 కిలోల బలంతో స్క్రూలని గోడలోంచి బయటికి లాగుతున్నట్టు. షెల్ఫు సొంత బరువు ఇందులో కలపలేదు. అదే వెడల్పు 6 అంగుళాలు పెడితే 60. అందుకే ఫ్లోటింగ్ షెల్ఫుకి పొడవు కన్నా వెడల్పే డేంజరు. జనాలు ఎంత బరువు ఆపుద్ది అని అడుగుతారు గానీ, గోడకి ఎంత దూరంలో పెడుతున్నాం అని ఎవరూ అడగరు.

ప్లైవుడ్_ప్రసాద్
కానీ పొడవు పెరిగితే మధ్యలో కుంగిపోద్ది కదా, నేను మూడడుగులు దాటొద్దని చెప్తా అందరికీ.

సివిల్_సుబ్బు
రెండు చివర్లా ఆనించిన పలక అయితే కుంగుద్ది, గూట్లో అడ్డం పెట్టినవి, అలమర అరలు అలాంటివి. అక్కడ పొడవు రెట్టింపు చేసి అడుగుకి అదే బరువు పెడితే వంపు 16 రెట్లు. ఫ్లోటింగ్ షెల్ఫుకి వెనక గోడ పొడుగునా పట్టీ ఉంటుంది, అది మధ్యలో కుంగదు, ముందుకి తల వంచుద్ది. రెండూ వేరు.

ప్లైవుడ్_ప్రసాద్
ఓకే ఒప్పుకుంటా. మందం సంగతి నేను చెప్తా అయితే. 18 ఎంఎం ప్లైలు రెండు కలిపి 36 చేస్తే గట్టితనం 8 రెట్లు, కానీ రెండూ ఫెవికాల్ పూసి బిగించి ఒకటే ముక్క అయితేనే. కార్పెంటర్ తొందరలో నాలుగు మేకులు కొట్టి వదిలేస్తే రెండు రెట్లే. ఇది నిలబడి చూసుకోవాల్సిన పని. మైకా కూడా పైనొక్కటే వేసి కింద వదిలేస్తారు కనపడదని, అలా చేస్తే పలక ఒకవైపు లాగి వంకర తిరుగుతుంది. కింద కనీసం పల్చటి బ్యాకింగ్ లామినేట్ అయినా వెయ్యాలి.

పుస్తకాలపురుగు
హాల్లో పుస్తకాలు అన్నారు కదా, నిలువుగా నిండా పేర్చితే అడుగుకి ఎనిమిది నుంచి పది కిలోలు తేలిగ్గా వస్తాయి, నిఘంటువులు, ఆర్టు పేపరు పుస్తకాలైతే ఇంకా ఎక్కువ. నాలుగడుగుల షెల్ఫు అంటే 35, 40 కిలోలు. సుబ్బుగారి లెక్కలో పెట్టి చూస్తే నాకే భయమేస్తోంది. ఒక ఊరట ఏంటంటే మన తెలుగు పుస్తకాలు ఎక్కువ డెమ్మీ సైజే, వెడల్పు ఐదున్నర అంగుళాలు. 7 అంగుళాల షెల్ఫు చాలు. ఫొటోల్లో చూసి పది పన్నెండు అంగుళాలు చేయిస్తారు, పుస్తకాల ముందు మిగిలిన జాగాలోకి తాళాలు, మందుల షీట్లు, కరెంటు బిల్లులు వచ్చి చేరతాయి.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ మాకు గోడలే లేవు, అట్టముక్కలు. జిప్సం బోర్డు వెనక 16 అంగుళాలకొక నిలువు చెక్క, స్టడ్ అంటారు, ఉంటుంది, స్టడ్ ఫైండర్‌తో వెతికి దానికే స్క్రూ కొట్టాలి. మనకి షెల్ఫు ఎక్కడ కావాలో అక్కడ స్టడ్ ఉండదు, స్టడ్ ఎక్కడుందో అక్కడే షెల్ఫు. మా ఆవిడకి ఇది ఇప్పటికీ అర్థం కాలేదు, నావల్ల కాక అలా చెప్తున్నాననుకుంటోంది.

సీమ_సిన్నోడు
మా అనంతపురం తట్టు ఈ తిప్పలేమీ ల్యావప్పా. గోడ కట్టేటప్పుడే గూళ్ళు ఇడ్చి మధ్యలో కడప బండ అడ్డం పెడ్తారు, అదే షెల్ఫు. పుస్తకాలు పెట్టు, బియ్యం మూట పెట్టు, నువ్వెక్కి కూర్చో, కదలదు. చెదలు ల్యా, పాలిషూ ల్యా.

బెజవాడబ్బాయి
అపార్ట్‌మెంట్లో నాలుగంగుళాల గోడలో గూడు తవ్వితే పక్క ఫ్లాటు వాళ్ళ బెడ్‌రూమ్ కనపడుద్ది అన్నా.

సీమ_సిన్నోడు
అందుకే సొంతిల్లు కట్టుకోవల్లనేది.

అద్దింటి_అప్పారావు
మీరంతా సొంతిళ్ళ బాబులు. మా ఓనరు క్యాలెండర్ మేకు కొట్టినా అడ్వాన్సులో కోస్తానన్నాడు. మాలాంటోళ్ళకి ఏం లేదా?

పుస్తకాలపురుగు
నిచ్చెనలా గోడకి ఆనించే స్టాండులు వస్తాయి అప్పారావు గారూ, రబ్బర్ వుడ్‌వి. బరువంతా నేల మీదే. పిల్లలుంటే మాత్రం పైన ఒక్క చోటైనా కట్టుకోవాలి, పట్టుకుని ఎక్కుతారు.

మియాపూర్_మధు
రబ్బర్ వుడ్ అంటే గట్టిదేనా? పేరు చూసి భయపడి లిస్టులోంచి తీసేశా.

ఉలి_సుత్తి
గట్టిదే, పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్ల చెక్క, కేరళ నుంచి వస్తుంది. చిన్న చిన్న ముక్కలు వేళ్ళు పెనవేసినట్టు జాయింటు చేసి పలకలు చేస్తారు. దానికి పుచ్చు పురుగు తొందరగా పడుతుంది కాబట్టి మందు పట్టించి ఎండబెట్టిందే కొనాలి. హాలుకి, పిల్లల రూముకి ఓకే. తడి తగిలే చోట వద్దు. మామిడి చెక్క కూడా అంతే, మందు వెయ్యకపోతే షెల్ఫు కింద రోజూ పిండి రాలుతుంటుంది.

బావమరిది_బాధితుడు
ఆ వెయ్యి రూపాయల సెట్టు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? నేను తీసుకున్నా. చిన్న మనీ ప్లాంటు, రెండు ఫొటో ఫ్రేములు పెట్టుకోడానికి భేషుగ్గా ఉంది. వెనక తాళం కన్నంలాంటి హుక్కు ఉంటుంది, రెండు స్క్రూలకి తగిలించడమే. పుస్తకాలు పెడితే అది షెల్ఫు తప్పు కాదు.

డల్లాస్_బాబాయ్
ఐకియాలో లాక్ (LACK) అని ఒక షెల్ఫు ఉంది చూడండి, హైదరాబాద్ స్టోర్ 2018లో వచ్చింది కదా. లోపలంతా తేనెతుట్టెలాంటి కాగితం, ఆ సంగతి వాళ్ళే రాస్తారు. తేలిగ్గా ఉంటుంది కాబట్టి గోడ మీద సొంత బరువు తక్కువ. కోసి సైజు తగ్గించుకుందాం అని మాత్రం అనుకోవద్దు.

పంతులుగారి_పెద్దబ్బాయి
పూజ షెల్ఫు గురించి. చెక్కకి నిప్పుకి పడదు అనేది ఎవరూ అనట్లేదు. మైకా మీద దీపం పెట్టి కాసేపటికి ముట్టుకోండి, కాలుతుంది, నూనె కారి మరక దిగిపోద్ది. కుంది కింద ఒక ఇత్తడి పళ్ళెం లేదా గ్రానైట్ ముక్క పెట్టుకోవాలి. అంతకన్నా ముఖ్యం, దీపం పైన ఇంకో అర పెట్టొద్దు. ఫొటోలో రెండు మూడంతస్తులు అందంగా ఉంటాయి గానీ పై అరకి కింది వైపు నెల తిరక్కుండా మసిబారిపోద్ది, కార్తీక మాసంలో అయితే చెప్పక్కర్లేదు. టేకు పెట్టాలంటే ఈ ఒక్కచోటే పెట్టండి, మీ ఆవిడ మాట కూడా నిలబెట్టినట్టుంటుంది. కాంక్రీట్ గోడ అంటున్నారు కాబట్టి విగ్రహాల బరువు కూడా ఆగుద్ది.

మియాపూర్_మధు
ఆ గోడ అవతల బాత్రూమ్ అండీ. అది ఓకేనా? మా అత్తగారు ఇప్పటికే ఒకసారి నిట్టూర్చారు.

బెజవాడబ్బాయి
వాస్తు పార్టీ వచ్చేసింది, థ్రెడ్ ఇంక రెండొందల పోస్టులు.

సివిల్_సుబ్బు
వాస్తు నాకు తెలీదు, పైపు తెలుసు. బాత్రూమ్ అవతల ఉన్న గోడలో నీళ్ళ పైపులు ఉండొచ్చు, గీజరు, షవరు పాయింట్ల దగ్గర నిలువుగా పైకి వెళ్తాయి. కాంక్రీట్ గోడ అయితే పైపులు బాత్రూమ్ వైపు టైల్స్ వెనక ఉండే ఛాన్సు ఎక్కువ, అయినా బిల్డర్ దగ్గర ప్లంబింగ్ డ్రాయింగ్ అడగండి.

పంతులుగారి_పెద్దబ్బాయి
చూశారా, పెద్దలు ఊరికే అన్లేదు.

సివిల్_సుబ్బు
పెద్దల కాలంలో బాత్రూమ్ పెరట్లో ఉండేదండీ.

ఆవకాయ_అక్క
కిచెన్‌కి వద్దాం. జాడీలు షెల్ఫు మీద అంటున్నారు, పింగాణీ జాడీ ఖాళీదే ఎంత బరువో ఎత్తి చూశారా? అందులో ఐదు కిలోల ఆవకాయ, పైన తేలే నూనె. షెల్ఫు పడితే షెల్ఫు పోతుంది, జాడీ పడితే ఏడాది పచ్చడి పోయి ఇంట్లో ముఖాలు చూసుకోలేం. జాడీలు కింద కప్‌బోర్డులోనే. షెల్ఫు మీద రోజూ వాడే పోపు డబ్బాలు, టీ పొడి, ఉప్పు, అంతే. పొయ్యికి దగ్గర్లో పెట్టొద్దు, చిమ్నీ ఉన్నా సరే పోపు జిడ్డు పట్టుద్ది, ఆ జిడ్డు మీద దుమ్ము పట్టుద్ది, అది గీకితే గాని పోదు. చేత్తో అందే ఎత్తులో, తుడవడానికి వీలుగా మెరిసే మైకా వేయించండి. ఆ గరుకు గరుకు డిజైన్ మైకా వద్దు, గీతల్లో పసుపు ఇరుక్కుంటుంది.

ప్లైవుడ్_ప్రసాద్
అక్క చెప్పినదానికి తోడు, కిచెన్‌కి 710 ప్లై, నాలుగు అంచులకీ ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ) వేయించండి, గోడ వైపు అంచుకి కూడా. తడి ఎక్కేది అక్కణ్ణించే, కనపడదు కాబట్టి అందరూ వదిలేస్తారు.

విశాఖ_తీరం
టైల్స్ మీద హోల్ వేయాలంటే మాస్కింగ్ టేపు అంటించి టైల్ బిట్‌తో, హ్యామర్ లేకుండా మెల్లగా. టైల్ దాటాకే బిట్టు మార్చాలి. తొందరపడితే టైల్ పగులుద్ది, అదే డిజైన్ టైల్ మళ్ళీ దొరకదు.

ఇద్దరుపిల్లల_తల్లి
పిల్లల రూము ఎవరూ చెప్పలేదు. మంచం తల మీద షెల్ఫు పెట్టొద్దు, ఎంత గట్టిగా కొట్టినా సరే. పిల్లలు దాన్ని షెల్ఫులా చూడరు, వేలాడే కమ్మీలా చూస్తారు. మేం నాలుగంగుళాల వెడల్పు పట్టీలు, ముందు చిన్న అడ్డు ఉన్నవి, నేలకి దగ్గరగా పెట్టించాం. పుస్తకాలు అట్ట ముందుకి కనపడేలా నిలబెడతాం, వాళ్ళే తీసుకుంటారు వాళ్ళే పడేస్తారు. బరువు లేదు, తల తగిలే మూలలూ లేవు. మూలలు గుండ్రంగా గీయించడం మాత్రం మర్చిపోవద్దు.

కొలువు_కామాక్షి
సందట్లో సడేమియా, దసరాకి బొమ్మల కొలువు ఈ షెల్ఫుల మీదే పెట్టేసుకోవచ్చా? మెట్లు కట్టే పని తప్పుద్ది. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలే నావి, చెక్కవే కదా తేలిగ్గానే ఉంటాయి.

పంతులుగారి_పెద్దబ్బాయి
మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి కామాక్షి గారూ, షెల్ఫులూ బేసి సంఖ్యలో కొట్టించండి.

సివిల్_సుబ్బు
మట్టి బొమ్మలుంటే మాత్రం లెక్కలోకి తీసుకోండి. మధుగారూ, హాలు సంగతి తేలుస్తా. ఏఏసీ గోడ, పుస్తకాలు ఎక్కువ. బ్రాకెట్ కనపడకూడదు అనే పట్టుదల వదిలేస్తే పని సగం తేలికవుద్ది. కింద 8 అంగుళాల కాలు ఉన్న ఎల్ బ్రాకెట్ పెట్టండి. అదే 20 కిలోలు, అదే 5 అంగుళాల దూరం, కానీ ఇప్పుడు పై స్క్రూ మీద లాగుడు 100 కాదు, 12, 13 కిలోలే, ఎందుకంటే ఆనేది ఒక అంగుళం కింద కాదు, 8 అంగుళాల కింద.

మియాపూర్_మధు
బ్రాకెట్లు కనపడితే అది ఫ్లోటింగ్ షెల్ఫు ఎలా అవుద్దండీ, ఆ మాట ఇంట్లో అనాలంటేనే భయం.

ఉలి_సుత్తి
టేకుతోనే బ్రాకెట్లు చెక్కించండి, పాత మండువా ఇళ్ళలో వసారా దూలాల కింద ఉండేవి చూడండి, చిలకల్లా వంపు తిరిగి. అప్పుడు మీ ఆవిడే ముందు అది చూపిస్తుంది వచ్చినవాళ్ళకి.

మియాపూర్_మధు
ఇది బావుంది. ఆవిడకి ఫోన్‌లో పాత ఇంటి ఫొటో ఒకటి చూపించాను, ముందు ఇది చెప్పొచ్చు కదా అంది. సరే ఇప్పటికి అనుకున్నది ఇదీ: హాల్లో 7 అంగుళాల టేకు, చెక్క బ్రాకెట్ల మీద. పూజకి టేకు, కాంక్రీట్ గోడకి, పైన అర లేకుండా, గ్రానైట్ ముక్కతో. కిచెన్‌కి 710 ప్లై, చిన్నది, జాడీలు కిందే. పిల్లలకి నాలుగంగుళాల పట్టీలు. బావమరిది సెట్టు ఒకటి కొని బాల్కనీ పక్కన మనీ ప్లాంటుకి పెడతా, వాడి మాటా పోకుండా. కార్పెంటర్ ఇదంతా విని మీరే చేసుకోండి సార్ అనేలా ఉన్నాడు.

ప్లైవుడ్_ప్రసాద్
హాల్లో టేకు అన్నారు కాబట్టి కనీసం ఎండింది కొనండి. మళ్ళీ చెప్తున్నా.

ఉలి_సుత్తి
పాత దూలం కొంటే ఎండిందా లేదా అనే ప్రశ్నే లేదు. మళ్ళీ చెప్తున్నా.

కరీంనగర్_పోరగాడు
అన్నా నా తొర్ర సంగతి ఎవ్వలు చెప్పరా? అగ్గిపుల్లలతోటి ఇంక ఎన్నొద్దులు ఆగుతది?

సివిల్_సుబ్బు
ముందు షెల్ఫు మీదున్నవి దించెయ్ తమ్ముడూ. కుదిరితే ఆ హోల్ వదిలేసి నాలుగంగుళాలు పక్కన కొత్తది వెయ్, హ్యామర్ లేకుండా, పాతది పుట్టీతో పూడ్చు. అక్కడే కావాలంటే లోపలి పొడి అంతా ఊది బయటికి తీసి కెమికల్ యాంకర్ (గట్టిపడే జిగురు మందు) నింపి రాడ్ పెట్టాలి, గట్టిపడేదాకా ముట్టుకోవద్దు, ఎంతసేపో ట్యూబు మీద రాసుంటది. ఇంకోటి, స్విచ్ బోర్డుకి సరిగ్గా పైన, సరిగ్గా కింద ఎక్కడా హోల్ వేయకు, వైరు పైపు నిలువుగా అట్నుంచే పోతది.

కరీంనగర్_పోరగాడు
నాది సరిగ్గ స్విచ్ బోర్డు మీదనే ఉన్నది.

సివిల్_సుబ్బు
మెయిన్ ఆపేసి స్క్రూ తియ్. టెస్టర్ పెట్టి చూసి మరీ ముట్టుకో, ఏం తేలిందో రాయి.